తొలిదశ వాళ్ళకి మాత్రమే

గోగుల్లంక ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చే కిటికీ పక్కన ఒక గది చాలాకాలంగా ఖాళీగా ఉండేది. దానికి సున్నం వేసి, ఫ్యాను బిగించి, 'తొలిదశ మద్యపాన, మాదకద్రవ్య వ్యసన గుర్తింపు కేంద్రం' అని బోర్డు పెట్టారు. బోర్డు గోడకన్నా పొడుగైపోవడంతో 'కేంద్రం' అన్న మాట మలుపు తిరిగి పక్క సందులోకి వెళ్ళింది. ఆ కేంద్రంలో కౌన్సిలర్ని నేను. పేరు ప్రసూన. సోషల్ వర్క్‌లో ఎమ్మే చేసి, నాలుగేళ్ళు ఇంట్లో కూర్చుని, చివరికి కాంట్రాక్టు మీద ఈ ఉద్యోగం సంపాదించాను. అందుకే పథకం నిబంధనల పుస్తకాన్ని నా అంత శ్రద్ధగా జిల్లాలో ఇంకెవరూ చదివి ఉండరు.

పథకం ఉద్దేశం మంచిదే. తాగుడు ముదిరాక మాన్పించడం కష్టం, మొదట్లోనే కనిపెడితే తేలిక. కనిపెట్టడానికి ప్రభుత్వం నిధులు విడుదల చేసింది. పది ప్రశ్నలున్న పత్రం ఒకటి ఇచ్చింది. ఒక్కో ప్రశ్నకి నాలుగు చొప్పున నలభై మార్కులు. ఏడు దాకా వస్తే ఆరోగ్యవంతుడు. ఎనిమిది నుంచి పదిహేను దాకా తొలిదశ. పదహారు నుంచి మలిదశ. తొలిదశ వాళ్ళకి పచ్చ కార్డు, మాత్రలు, ఎనిమిది వారాల కౌన్సిలింగు. మలిదశ వాళ్ళకి వేరే పథకం 'త్వరలో' వస్తుందని ముప్పై నాలుగో పేజీలో రాసి ఉంది. ఆ 'త్వరలో' కింద గీత కూడా గీశారు.

ప్రారంభోత్సవం నాడు జిల్లా నోడల్ ఆఫీసరు చక్రధరమూర్తి గారు మాట్లాడుతూ, "ఇకమీదట ఈ ప్రాంతంలో ఏ ఒక్క తొలిదశ వ్యసనపరుడూ గుర్తింపునకు నోచుకోకుండా మిగిలిపోడని సవినయంగా హామీ ఇస్తున్నాను," అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం.

మూడు నెలల్లో రెండొందల పన్నెండు మంది వచ్చారు. నూట ఎనభై మంది మలిదశ. ముప్పై రెండు మంది అసలు తాగనివాళ్ళు, మందుల కిటికీ అనుకుని మా దగ్గర నిలబడ్డవాళ్ళు. తొలిదశ వాడు ఒక్కడూ రాలేదు. ఎందుకు రాలేదో నాకు మెల్లగా అర్థమైంది. తొలిదశలో ఉన్నవాడికి తను తొలిదశలో ఉన్నట్టు తెలియదు. తెలిసి ఆసుపత్రికి బయల్దేరేసరికి ఆ దశ దాటిపోతుంది.

ముత్యాలు వచ్చింది అప్పుడే. నలభై ఐదేళ్ళుంటాయి. కొబ్బరి దింపు తీస్తాడు. రోజుకి నలభై చెట్లెక్కి కాయ దింపుతాడు. మెడ నుంచి పొట్ట దాకా చర్మం చెక్కుకుపోయి ఉంది. ఎలా అయిందని అడిగాను.

"కిందటి గురువారం చెట్టు తల దాకా ఎక్కానండి. పైకెళ్ళాక కాళ్ళు వణికాయండి," అన్నాడు. "కింద ఎవరూ లేరు. చెట్టుని కౌగిలించుకుని అరగంట అలాగే ఉండిపోయానండి. తర్వాత జారుకుంటా దిగాను. ఆ అరగంటలో అనిపించిందండి, ఇంక మానెయ్యాలని."

పది ప్రశ్నలూ అడిగాను. దేనికీ దాచకుండా చెప్పాడు. పొద్దున్న లేవగానే ఒకటి, చెట్లకి వెళ్ళే ముందు ఒకటి, సాయంత్రానికి లెక్క లేదు. మొత్తం కూడాను.

"ఎన్నొచ్చాయండి?"

"ఇరవై ఏడు."

అతని మొహం వెలిగింది. "నలభైకి ఇరవై ఏడా అండి? బళ్ళో కూడా నాకెప్పుడూ ఇన్ని రాలేదండి."

"ఇవి తక్కువ రావాలండీ. మీరు ఆలస్యంగా వచ్చారు."

గోడ గడియారం వంక చూశాడు. "పదిన్నరే కదండీ."

"ఆ ఆలస్యం కాదు. ఎనిమిది తొమ్మిదేళ్ళ కిందట రావాల్సింది. అప్పుడు తొలిదశలో ఉండేవారు."

"అప్పుడు ఈ ఆఫీసు లేదు కదండీ."

"లేదు. అందుకే ఇప్పుడు పెట్టారు."

ముత్యాలు అందులో న్యాయం ఉన్నట్టే తలాడించాడు. "మరి నన్నేం చెయ్యమంటారండి?" అన్నాడు.

నేను పుస్తకం తిరగేశాను. "పదిహేనుకి దిగితే రండి," అన్నాను. వెళ్ళమనడానికి అంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకలేదు. అతను దాన్ని వైద్యమనుకున్నాడు. ప్రశ్నల కాగితం ఒకటి అడిగి తీసుకున్నాడు. ఏ జవాబుకి ఎన్ని మార్కులో పక్కన రాసి ఇమ్మన్నాడు. రాసిచ్చాను. అతను వెళ్ళాక రిజిస్టర్లో 'అర్హత లేనందున తిప్పి పంపడమైనది' అని రాశాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకేమీ బాధ అనిపించలేదు. దస్తూరీ చక్కగా కుదిరిందనిపించింది.

ఆ మర్నాడే చక్రధరమూర్తి గారు ఫోన్ చేశారు.

"ప్రసూన గారూ, మీ కేంద్రం పురోగతి నిల్ అని చూపిస్తోంది. మార్చి ముప్పై ఒకటిలోగా కనీసం ఒక్క లబ్ధిదారుడైనా లేకపోతే నిధులు వెనక్కి వెళ్ళిపోతాయి. మన జిల్లాలో తొలిదశ లేదంటారా?"

"ఉండే ఉంటుంది సార్. మా దగ్గరికి రావడం లేదు."

"లక్షిత వర్గం మన వద్దకు రానప్పుడు, మనమే లక్షిత వర్గంలోకి చొచ్చుకుపోవాలి."

మొదట కాలవ గట్టు మీద పొద్దున్నే నడిచే వాకర్స్ క్లబ్బులోకి చొచ్చుకుపోయాం. నలభై ఆరు మంది. అందరికీ సున్నా. ఒకరి ఎదుట ఒకరు జవాబులు చెప్పారు కాబట్టి వేరే మార్కు వచ్చే అవకాశం లేదు. రిటైరైన తాసీల్దారు ఒకాయన మాత్రం మనసు ఆపుకోలేక, తనకి నశ్యం అలవాటుందని ఒప్పుకున్నారు. నశ్యం మాదకద్రవ్యం కిందకి వస్తుందా అని నేను జిల్లాకి రాశాను. జిల్లా వాళ్ళు రాష్ట్రానికి రాశారు. ఆ ఉత్తరం ఇంకా తిరుగుతూనే ఉంది.

తర్వాత చక్రధరమూర్తి గారు స్వయంగా జీపులో వచ్చి, బస్టాండు వెనక బ్రాందీ షాపు ఎదురుగా బల్ల వేయించారు. ఆయన దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. "చూడండమ్మా. గబగబా లోపలికెళ్ళేవాడు మలిదశ. అటు చూడకుండా పోయేవాడు ఆరోగ్యవంతుడు. గుమ్మం ముందు నిలబడి తటపటాయించేవాడే మన మనిషి. వాణ్ణి అక్కడికక్కడే గుర్తించాలి."

తటపటాయిస్తున్న మొదటి మనిషిని పట్టుకున్నాం. అతని చెప్పు తెగింది. రెండో ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు, లోపలున్న పార్టీ బయటికొస్తే సంతకం పెట్టించుకుందామని చూస్తున్నాడు. మూడో ఆయన బావమరిది లోపలున్నాడు. రెండో రోజుకి మా బల్ల సంగతి ఊరంతా తెలిసింది. ఎక్కడ ఆగితే మేం పట్టుకుంటామోనని జనం తటపటాయించడం మానేసి, సందు మొదట్లో నుంచే పరుగు లంకించుకుని నేరుగా లోపలికి దూరడం మొదలుపెట్టారు. ఇంటికి పోదామా వద్దా అని రోజూ పది నిమిషాలు ఆలోచించి సగం రోజులు ఇంటికే వెళ్ళిపోయే ఒక టైలరు కూడా ఇప్పుడు పరుగెత్తుతున్నాడు.

వారం తిరక్కుండా అబ్కారీ శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. 'తమరు సదరు దుకాణం ఎదుట బల్ల వేసినది మొదలు అమ్మకాలు గణనీయముగా పెరిగినవని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. సదరు అమ్మకములపై వచ్చు సుంకము నుండియే తమ పథకమునకు నిధులు సమకూరుచున్నందున, ఇది ఉభయ శాఖలకును శుభపరిణామము. బల్లను శాశ్వత ప్రాతిపదికన కొనసాగించగలరు.' చక్రధరమూర్తి గారు దాన్ని 'శాఖల మధ్య సమన్వయం' అన్న ఫైల్లో పెట్టించారు.

ఈ హడావుడిలో ఉండగా ముత్యాలు రెండోసారి వచ్చాడు. ఈసారి భార్య బుల్లెమ్మని వెంటబెట్టుకొచ్చాడు. సన్నటి మనిషి, కొబ్బరి పీచు మిల్లులో పని చేస్తుంది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు.

"పొద్దున్నది తీసేశానండి. దానికి నాలుగు మార్కులు పోతాయి. మూడో ప్రశ్నలో రెండు తగ్గించాను," అన్నాడు ముత్యాలు. కాగితం నలిగిపోయి మడతల దగ్గర చిరిగింది. "ఎనిమిదోదే కుదరట్లేదండి."

ఎనిమిదో ప్రశ్న: 'మీ తాగుడు గురించి కుటుంబ సభ్యులు ఆందోళన వ్యక్తం చేశారా?'

"దీన్ని కొంచెం తగ్గించుకోమంటే వినట్లేదండి," అని భార్యని చూపించాడు.

"నేను ఏడవడం మానేస్తే ఈయనకి మార్కులు తగ్గుతాయంటమ్మా," అంది బుల్లెమ్మ. "పద్నాలుగేళ్ళ నించి ఏడిస్తే తాగుడు తగ్గలేదు. ఇప్పుడు తాగుడు తగ్గుతుంటే ఏడుపు ఆపమంటన్నాడు. నాకు ఏది ఎప్పుడు చెయ్యాలో తెలియట్లేదు."

ఇరవై ఒకటి వచ్చింది. తిప్పి పంపాను. కానీ అతని చేతులు వణుకుతున్నాయి, నుదుటి మీద చెమట. పక్క గదిలో స్టాఫ్ నర్సు మేరీ సుగుణ గారు అది చూసి పిలిచి, బీపీ చూశారు. యాభై దాటిన మనిషి, మాట కటువు.

"ఒక్కసారే ఆపేస్తే ఫిట్స్ వస్తాయి. తెలుసా?" అన్నారు అతనితో. "మెల్లిగా తగ్గించు. రోజూ పనికెళ్ళే ముందు వచ్చి నాకు కనపడు. డాక్టరు గారితో చెప్పి మాత్రలు రాయిస్తాను. వణుకు తగ్గేదాకా చెట్టెక్కకు. కింద కాయ ఏరుకో."

చీటీ మీద జబ్బు అన్న చోట 'నీరసం' అని రాశారు. అదేమిటని అడిగాను.

"నీరసానికి దశలు లేవు మేడం," అన్నారు.

మూడోసారి వచ్చేసరికి అతనికి పదిహేడు. రెండే రెండు మార్కులు ఎక్కువ. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగిపోయాం. 'గత ఏడాదిలో తాగుడు వల్ల గాయపడ్డారా?' నాలుగు మార్కులు. ఆ గురువారం నాటి గీరుడు.

"ఆ గురువారం దాటి ఏడాది కావాలంటే ఇంకా తొమ్మిది నెలలుందండి," అన్నాడు ముత్యాలు. "అది తాగుడు వల్ల కాదు, చీమలు కుట్టడం వల్ల అని రాసుకోవచ్చా అండి? చీమలు కూడా ఉన్నాయి ఆ చెట్టు మీద."

అతను ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. అది అడిగి మరీ ఆడదామనుకునే మనిషి. నేను పెన్ను పక్కన పెట్టేశాను. చక్రధరమూర్తి గారికి ఫోన్ చేసి, "సార్, రెండు మార్కులు కలిపో, తగ్గించో ఏదైనా చెయ్యొచ్చా?" అని అడిగాను.

"ఇది పదో తరగతి పరీక్ష కాదమ్మా గ్రేసు మార్కులివ్వడానికి. పదిహేడు అంటే నిర్వివాదంగా మలిదశ. తొలిదశ నిధుల్ని మలిదశకు మళ్ళిస్తే ఆడిట్లో నేనేం సమాధానం చెప్పాలి?"

తిప్పి పంపాను. ఈసారి దస్తూరీ సరిగా రాలేదు.

తర్వాత ఆరు వారాలు ముత్యాలు నా గదికి రాలేదు. మేరీ సుగుణ గారి గదికి మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి వెళ్తున్నట్టు తెలుస్తూనే ఉంది. మార్చి నెల మూడో వారంలో ఒక రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, బుల్లెమ్మతో కలిసి వచ్చాడు. పచ్చ కార్డు మీద ఫొటో అంటిస్తారని ఎవరో చెప్పారట, రెండు ఫొటోలు కూడా తెచ్చుకున్నాడు.

పది ప్రశ్నలూ అడిగాను. గాయానికి నాలుగు. చేసినదానికి బాధపడుతున్నందుకు రెండు. మిగతావన్నీ సున్నా, బుల్లెమ్మ ఏడుపు ఆగిపోయింది కాబట్టి ఎనిమిదోది కూడా. ఆరు.

రెండుసార్లు కూడి చూసి, "ముత్యాలు గారూ, మీకు అర్హత లేదండీ," అన్నాను.

"మళ్ళీ ఆలస్యమైందా అండి?"

"లేదు. మీరు బాగైపోయారు. ఏడు లోపు వస్తే ఆరోగ్యవంతుల కింద లెక్క."

అతను చేతిలో ఫొటోల వంక చూసుకున్నాడు. "పదిహేను దగ్గర ఆగుదామనే చూశానండి. సగం తాగి గ్లాసు పక్కన పెట్టడం నా వల్ల కాలేదు. అసలు ముట్టుకోకపోతేనే సులువుగా ఉంది. నర్సమ్మగారు కూడా అదే మంచిదన్నారు."

బుల్లెమ్మ ముందుకొచ్చింది. "తాగుతున్నాడని మూడుసార్లు పంపేశారు. తాగట్లేదని ఇప్పుడు పంపేస్తన్నారు. మీకు ఎలాంటి మనిషి కావాలమ్మా?"

"ఊరుకోవే, ఆవిడ చేతిలో ఏముంది," అన్నాడు ముత్యాలు. తర్వాత నాతో, "కార్డు కోసం కాదండి. ఎనిమిది వారాలు కూర్చోబెట్టి మాట్లాడతారన్నారు కదా, దానికోసం. పగలు బాగానే ఉంటదండి. సాయంత్రం ఆరింటికి కష్టంగా ఉంటది. ఆ టైముకి ఎవరన్నా మాట్లాడితే బావుణ్ణనిపిస్తది," అన్నాడు.

మా కేంద్రం ఐదింటికి మూసేస్తారు.

మూడు రోజుల తర్వాత రాష్ట్ర సమీక్షా బృందం వస్తోందని కబురొచ్చింది. సమీక్షకి ముందు రోజు మధ్యాహ్నం చక్రధరమూర్తి గారు వచ్చి నా రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు. ముత్యాలు పేరు దగ్గర ఆయన వేలు ఆగింది. ఇరవై ఏడు, ఇరవై ఒకటి, పదిహేడు, ఆరు.

"ఇదేమిటమ్మా," అన్నారు. "పదిహేడు నుంచి ఆరుకి దిగాడంటే మధ్యలో పన్నెండు, పదకొండు మీదుగానే కదా దిగాడు? ఆ రోజుల్లో ఈయన నిఖార్సైన తొలిదశ. మీరు గుర్తించలేకపోయారు."

"ఆ రోజుల్లో ఆయన మన దగ్గరికి రాలేదు సార్."

"ఆ తేదీలు వెనక్కి వేసి ఎక్కించండి."

ఎక్కించి చూశాను. కేంద్రం కంప్యూటరు ఏ రోజు మార్కులు ఆ రోజు వేస్తే తప్ప తీసుకోలేదు. చక్రధరమూర్తి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత లేచి, "ముత్యాలు ఇల్లెక్కడ?" అన్నారు.

మేం వెళ్ళేసరికి సాయంత్రం ఆరు కావస్తోంది. కాలవ పక్కన పెంకుటిల్లు, ముందు పొడవాటి అరుగు. ముత్యాలు అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి తువ్వాలుతో అరుగు దులిపాడు. బుల్లెమ్మ లోపల్నించి వచ్చి గుమ్మంలో నిలబడింది. చక్రధరమూర్తి గారు కూర్చుని, చేతిసంచీలోంచి కాగితంలో చుట్టిన క్వార్టరు సీసా తీసి అరుగు మీద పెట్టారు.

"ముత్యాలూ, నువ్వు సాధించిన ప్రగతి పట్ల శాఖాపరంగా మాకు గర్వంగా ఉంది," అన్నారు. "అయితే ఈ ప్రగతి కొంత అవసరానికి మించి జరిగింది. రేపొక్క రోజుకి నీ మార్కులు ఆరు నుంచి ఎనిమిదికి రావాలి. దీన్ని తాగుడు అనుకోవద్దు. ప్రజాప్రయోజనార్థం పరిమిత సేవనం. పర్యవేక్షణకి నేనున్నాను, కౌన్సిలరు గారున్నారు. రేపు నీకు కార్డు, ఆ తర్వాత ఎనిమిది వారాలు కౌన్సిలింగు. నువ్వు కోరుకున్నదే కదా."

ముత్యాలు సీసా వంక చూస్తున్నాడు. చూడకుండా ఉండాలని కాలవ వైపు తిరిగాడు, మళ్ళీ చూశాడు. గొంతు దగ్గర గుటక కదలడం నాకు కనిపించింది. అతను వద్దంటాడో లేదో నిజంగా నాకు తెలియలేదు. నేనే ఏదో ఒకటి అనాలనుకున్నాను. కానీ మార్చి ముప్పై ఒకటి తర్వాత నా కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో ఆ సీసా మీదే ఆధారపడి ఉందని నాకూ తెలుసు.

చివరికి ముత్యాలు నెమ్మదిగా అన్నాడు. "రేపు పొద్దున్న నలభై చెట్లున్నాయండి. నర్సమ్మగారు మళ్ళీ ఎక్కమన్నాక ఇదే మొదటి దింపు. మీరొచ్చి కింద నిలబడతారా అండి, జారితే పట్టుకోడానికి?"

"అంటే, ఆ సమయానికి సమీక్ష ఉంది," అన్నారు చక్రధరమూర్తి గారు.

బుల్లెమ్మ వచ్చి సీసాని కాగితంతో సహా రెండు వేళ్ళతో పట్టుకుని ఆయన సంచీలో పెట్టింది. సంచీ ఆయన ఒళ్ళో పెట్టింది. "దీపాలు పెట్టే వేళండి, వెళ్ళి రండి," అంది.

"సార్, ఇంక మీరు బయల్దేరండి," అన్నాను నేను. ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన జీపు దాకా వెళ్ళి, నేను వెనక లేనని చూసి, ఒక్కరే ఎక్కి వెళ్ళిపోయారు.

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. ఎమ్మేలో నేర్చుకున్నదేదీ గుర్తుకు రాలేదు. కొబ్బరి చెట్టు ఎలా ఎక్కుతారని అడిగాను. ముత్యాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఏ చెట్టుకి ఎంత వంపుంటుందో, వాన కురిసిన మర్నాడు బెరడు ఎలా జారుతుందో, పైనుంచి చూస్తే గోదావరి ఎంతవరకు కనిపిస్తుందో. ఏడు దాటేదాకా చెప్పాడు. "ఇంక పర్లేదండి, ఈ పూటకి గండం గడిచింది," అన్నాడు.

మర్నాడు సమీక్షకి సంయుక్త సంచాలకులు సులోచనాదేవి గారు వచ్చారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. పురోగతి సున్నా అని విని రిజిస్టరు అడిగారు. ఆవిడ చూపు కూడా ముత్యాలు పేరు దగ్గరే ఆగింది.

"ఇరవై ఏడు నుంచి ఆరు. మా దగ్గరున్న ఏ జిల్లాలోనూ ఇంత తగ్గుదల లేదు. మీరు చేసిన జోక్యం ఏమిటి?"

"నేనేమీ చెయ్యలేదు మేడం. మూడుసార్లు తిప్పి పంపాను," అన్నాను. అది నిజం. నిజం చెబితే ఉద్యోగం పోతుందని తెలిసే చెప్పాను.

చక్రధరమూర్తి గారు గాలి ఎటు వీస్తుందో పసిగట్టారు. "అదే మేడం మా విధానం," అన్నారు.

ముత్యాలుని తోటలోంచి పిలిపించారు. అతను అన్నీ చెప్పాడు. చెట్టు మీద అరగంట గురించి, నర్సమ్మగారి గురించి, బుల్లెమ్మ గురించి, సాయంత్రం ఆరింటి గురించి. సులోచనాదేవి గారు శ్రద్ధగా విని, "అయితే మీరు మానడానికి ముందు కేంద్రం మిమ్మల్ని ఎన్నిసార్లు తిప్పి పంపింది?" అని అడిగారు.

"మూడుసార్లండి."

ఆవిడ అదొక్కటే రాసుకున్నారు.

నెలలోపే సర్క్యులర్ వచ్చింది. దానికి 'తిరస్కరణ ఆధారిత పునరుద్ధరణ విధానం' అని పేరు పెట్టారు. ఇకపై ప్రతి కేంద్రమూ వచ్చిన ప్రతి మనిషినీ మూడు వారాల వ్యవధితో మూడుసార్లు విధిగా తిప్పి పంపాలి. కార్డులు, మాత్రలు, కౌన్సిలింగు అనవసరమని తేలింది కాబట్టి వాటిని రద్దు చేశారు. మిగిలిన నిధులతో కొత్తగా నలభై కేంద్రాలు మంజూరయ్యాయి. నన్ను శిక్షకురాలిగా వేసి మిగతా జిల్లాలకు పంపారు. తలెత్తకుండా ఎలా తిప్పి పంపాలి, తలెత్తి ఎలా తిప్పి పంపాలి, ఆడవాళ్ళు వెంట వస్తే ఏ కాలమ్ నింపాలి, ఇవన్నీ నేర్పాను. ఒక జిల్లాలో మరీ చురుకైన సిబ్బంది దొరికారు. జనం వచ్చేదాకా ఆగడం దేనికని, వాళ్ళే ఊళ్ళమీద పడి ఇంటింటికీ వెళ్ళి తిప్పి పంపుతున్నారు.

మొదటిసారి తిప్పి పంపినవాళ్ళలో రెండోసారి వచ్చేవాళ్ళు చాలా తక్కువ. రానివాళ్ళని ఏ కాలమ్‌లో వెయ్యాలని నేను రాసి అడిగాను. 'కోలుకున్నవారు' అన్న కాలమ్‌లో వెయ్యమని జవాబొచ్చింది. ఆ ఏడాది మా పథకం ఫలితాలు తొంభై ఒక్క శాతం.

శిక్షణలు ముగించుకుని గోగుల్లంక వచ్చిన రోజున ముత్యాలు ఒక మనిషిని తీసుకొచ్చాడు. పేరు పోతన్న, అతనూ దింపు కార్మికుడే. మోచేతికి కట్టుంది. ముప్పై మార్కులొచ్చాయి. నేను నిబంధన ప్రకారం రిజిస్టర్లో రాసి, "మూడు వారాల తర్వాత రండి," అన్నాను. పోతన్న మొహం వాడిపోయింది. ముత్యాలు అతని భుజమ్మీద చెయ్యేసి, "పర్లేదురా, ఇక్కడ పనైపోయింది. పక్క గదిలో నర్సమ్మగారికి చెయ్యి చూపించు. సాయంత్రం ఆరింటికి మా అరుగు మీదకి రా," అన్నాడు.

అలా ఒకరూ ఇద్దరూ చేరారు. బ్రాందీ షాపులోకి పరుగెత్తే ఆ టైలరు వచ్చాడు. ఇద్దరు ఆటోవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకడి కొడుకు గంజాయి మానలేక తండ్రితో పాటే వచ్చి కూర్చుంటున్నాడు. మేరీ సుగుణ గారు డ్యూటీ దిగి బీపీ మిషను సంచీలో వేసుకుని వస్తారు, వచ్చినవాళ్ళని వచ్చినట్టు తిట్టి, ఎవరికి ఫిట్స్ భయం ఉందో చూసి పెద్దాసుపత్రికి పంపిస్తారు. బుల్లెమ్మ ఒక పెద్ద గిన్నెడు టీ కాస్తుంది. నేను పగలు తిప్పి పంపినవాళ్ళని సాయంత్రం అక్కడ కలుస్తాను. అందరూ మానలేదు. ముగ్గురు నలుగురు మధ్యలో అరుగు వదిలి వెళ్ళిపోయారు. అందులో ఇద్దరు మళ్ళీ వచ్చారు. ఎందుకు వెళ్ళిపోయావని వాళ్ళనెవరూ అడగలేదు.

వర్షాలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం చక్రధరమూర్తి గారు వచ్చారు. జీపు లేదు, ఆటో దిగారు. గొడుగు కింద ఫైలు పట్టుకుని అరుగు ముందు నిలబడ్డారు.

"ఇక్కడ అనధికారికంగా ఒక కార్యక్రమం నడుస్తున్నట్టు మా దృష్టికి వచ్చింది," అన్నారు. "దీన్ని పథకం పరిధిలోకి తేవచ్చు. అర్హతలు నిర్ణయించాలి, ఒక బోర్డు పెట్టాలి. అరుగు కొలతలు కూడా కావాలి."

బుల్లెమ్మ గ్లాసుల్లో టీ పోస్తూ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఆయన చొక్కా తడిసింది. గొడుగు పట్టుకున్న చెయ్యి సన్నగా వణుకుతోంది. వానకే అయ్యుండొచ్చు.

"బోర్డు వద్దండి," అంది. "టైము ఆరు దాటింది. ముందు కూర్చోండి."

టైలరు కొంచెం జరిగాడు. చక్రధరమూర్తి గారు గొడుగు ముడిచి, ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఆ ఖాళీలో కూర్చున్నారు. ఆయన మార్కులెన్నని ఎవరూ అడగలేదు. ముత్యాలు, వానాకాలంలో ఏ చెట్లు ఎక్కకూడదో పోతన్నకి చెబుతున్నాడు. ఏడయ్యేదాకా ఆయన వింటూనే ఉన్నారు. ఫైలు తెరవలేదు.